పోనీ గుర్రం మెడ మీద చెయ్యి వేసి చూడండి

మహబూబ్‌నగర్‌లో గుర్రాల యజమానులు, వాటిని చూసుకునే సాయిస్‌ల కోసం జరిగిన సమావేశంలో ఒక పశువైద్యుడి ప్రసంగ పాఠం

అందరికీ నమస్కారం. జడ్చర్ల, షాద్‌నగర్, వనపర్తి, కల్వకుర్తి నుంచి వచ్చారు. దేవరకొండ వైపు నుంచి కూడా కొందరు భాయీలు పొద్దున్నే బయల్దేరి వచ్చారని విన్నాను, సంతోషం. మీలో ఎక్కువమంది బారాత్‌లకు గుర్రాలు పంపేవాళ్లు. కొంతమంది ఫామ్‌హౌస్‌లో పిల్లల కోసం పోనీలు, అంటే పొట్టి గుర్రాలు, పెంచుతున్నారు, కొంతమంది పార్కుల దగ్గర పిల్లల్ని ఎక్కించి తిప్పుతున్నారు. ఎవరి పని వాళ్లదే గానీ, నాకు మీ దగ్గర నుంచి వచ్చే ఫోన్ మాత్రం ఒకేలా ఉంటుంది. "సార్, గుర్రం నడుస్తలేదు. నాల్ కొట్టేటప్పుడు మేకు లోపలికి పోయినట్టుంది."

వచ్చి చూస్తే చాలాసార్లు లాడం కొట్టే నాల్‌బంద్ తప్పేమీ ఉండదు. గుర్రం ముందు కాళ్లు రెండూ ముందుకు చాపి, బరువంతా వెనక కాళ్ల మీదికి నెట్టుకుని నిలబడి ఉంటుంది. పక్కకు తిప్పబోతే తిరగదు. గిట్ట మీద చెయ్యి పెడితే వేడి. గిట్ట పైనున్న కీలు వెనక వైపు వేలు ఆనిస్తే నాడి గట్టిగా కొట్టుకుంటూ తెలుస్తుంది. మామూలుగా అక్కడ నాడి దొరకడమే కష్టం. అది లామినైటిస్.

గిట్ట గోడకు, లోపలి ఎముకకు మధ్య సన్నటి పొరలుంటాయి. ఒక్కో గిట్టలో పెద్ద పొరలే 550 నుంచి 600 దాకా ఉంటాయి. గుర్రం అరికాలి మీద నిలబడుతుందని మనం అనుకుంటాం. నిజానికి ఆ ఎముక ఈ పొరల పట్టుతో గిట్ట గోడకు వేలాడుతూ ఉంటుంది. పొరలు దెబ్బతిని, సాగి, పట్టు వదిలితే ఎముక మొన కిందికి తిరుగుతుంది. ముదిరితే అరికాలిని చీల్చుకుని బయటికి వస్తుంది. ఆ స్థితిలో ఉన్న గుర్రాన్ని చూసినవాళ్లు ఇక్కడ ఉన్నారు. మళ్లీ చూడాలని ఎవరూ కోరుకోరు.

దాణా బస్తా తెంపుకుని తిన్నప్పుడు లామినైటిస్ వస్తుంది. ఈనిన తర్వాత మాయ పడకుండా లోపలే ఉండిపోతే వస్తుంది. అవి మీకు తెలుసు, అప్పుడు మీరే పరుగెత్తుకొస్తారు. ఈ రోజు నేను వాటి గురించి మాట్లాడటానికి రాలేదు. నెలల తరబడి మన కళ్ల ముందే తయారై, ఒక పొద్దున బయటపడే రకం గురించి మాట్లాడతాను. దాని మూలం ఇన్సులిన్.

షుగర్ జబ్బు మన ఇళ్లలో ఉంది కాబట్టి ఇన్సులిన్ అంటే మీకు కొత్త కాదు. 2007లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో శాస్త్రవేత్తలు ఆరోగ్యంగా ఉన్న పోనీలకు ఇన్సులిన్ ఎక్కించారు. రక్తంలో చక్కెర పడిపోకుండా పక్కనే గ్లూకోజ్ కూడా ఇచ్చారు. మూడు రోజులు తిరక్కముందే ఇన్సులిన్ ఎక్కించిన ప్రతి పోనీకీ లామినైటిస్ వచ్చింది. అవి దాణా బస్తా తినలేదు, వాటికి జ్వరం లేదు. రక్తంలో ఇన్సులిన్ ఒక్కటి ఎక్కువైతే చాలు, గిట్ట దెబ్బతింటుందని అప్పుడు తేలింది.

ఈ మధ్య ఒకాయన గ్లూకోమీటర్‌తో గుర్రానికి చూపించి, "షుగర్ నార్మల్ ఉంది సార్" అన్నారు. పోనీల్లో చక్కెర నార్మల్‌గా ఉంటూనే ఇన్సులిన్ ఆకాశంలో ఉండొచ్చు. చూడాల్సింది రక్తంలో ఇన్సులిన్. ఆ పరీక్ష వేరు, మామూలు షుగర్ పరీక్ష దానికి బదులు కాదు.

మరి ఇన్సులిన్ ఎందుకు పెరుగుతుంది? కొన్ని జంతువుల్లో పుట్టుకతోనే ఆ గుణం ఉంటుంది, పొట్టి జాతుల్లో మరీ ఎక్కువ. మన దక్కను తట్టు గుర్రాన్నే చూడండి. భీమ్‌థడి అంటారు, భీమా నది పేరు మీద. ఆ భీమా మన నారాయణపేట జిల్లా తంగిడి దగ్గరే కృష్ణలో కలుస్తుంది. గొర్రెల మందల వెంట రాళ్లలో, ముళ్లలో రోజంతా నడిచి, దొరికిన గడ్డి పరకతో బతికిన జాతి అది. అలాంటి ఒంటికి రోజూ రెండు పూటలా ఉలవ గుగ్గిళ్లు, గోధుమలు, బెల్లం పెట్టి షెడ్డులో కట్టేస్తే ఏమవుతుంది? పుట్టుకతో ఉన్న గుణానికి కొవ్వు తోడవుతుంది. కొవ్వు పెరిగే కొద్దీ ఇన్సులిన్ పెరుగుతుంది. పుట్టుకను మనం మార్చలేం. కొవ్వు మాత్రం మన చేతిలో ఉంది.

ఇక్కడే మనకూ మన అలవాటుకూ పేచీ వస్తుంది. గుర్రం గుండ్రంగా ఉండి, మెడ లావుగా లేచి, ఒళ్లు నిగనిగలాడితే "బలంగా ఉంది, మంచిగా మేపుతున్నావ్" అంటారు. బేరానికి వచ్చినవాళ్లు కూడా ఆ మెడ చూసే ఎక్కువ డబ్బులిస్తారు. నేను ఎన్ని ఊళ్లు తిరిగినా చెప్పేది ఒక్కటే మాట. మెడ మీద గట్టులా లేచింది కండ కాదు, కొవ్వు. కండ పని చేస్తే పెరుగుతుంది, భుజంలో, తొడలో కనిపిస్తుంది. పని లేకుండా మెడ మీద, తోక మొదట్లో పెరిగేది కొవ్వే.

షాద్‌నగర్ దగ్గర ఒక ఫామ్‌హౌస్‌లో గోధుమ రంగు పోనీ ఉండేది. మూపు దగ్గర నాలుగడుగుల ఎత్తు. మనవరాలి కోసం కొన్నారు. వచ్చినవాళ్లంతా దాన్ని మెచ్చుకునేవాళ్లు, పిల్లలు చపాతీ ముక్కలు, బెల్లం తినిపించేవాళ్లు. ఒకరోజు అది షెడ్డులోంచి బయటికి రాలేదు. దిష్టి తగిలిందని నిమ్మకాయలు కట్టారు. కట్టుకోండి, నేను కాదనను. నేను వెళ్లి గిట్టలు చూస్తే గోడ మీద అడ్డంగా గీతలున్నాయి. ముందు వైపు దగ్గర దగ్గరగా, మడమ వైపు వెడల్పుగా విడిపోయి ఉన్నాయి. గిట్ట నెలకు 8 నుంచి 10 మిల్లీమీటర్లు పెరుగుతుంది. పైనుంచి ఆ గీత ఎంత కిందికి దిగిందో చూస్తే, ఎన్ని నెలల కిందట లోపల దెబ్బ మొదలైందో లెక్క తెలుస్తుంది. ఆ పోనీకి అది మొదటిసారి కాదు. అంతకు ముందు సన్నగా వచ్చి పోయింది, కొంచెం నెమ్మదిగా నడిచింది, ఎవరూ గుర్తించలేదు.

నాల్‌బంద్ అన్నలు ఇక్కడ ఉన్నారు కదా, మీకు ప్రత్యేకంగా చెబుతున్నాను. డాక్టర్ కంటే ముందు గిట్ట పట్టుకునేది మీరే. ఇలాంటి గీతలు కనిపించినా, గిట్ట చెక్కేటప్పుడు అరికాలికీ గోడకూ మధ్య తెల్ల గీత వెడల్పైనా, అందులో ఎర్రటి చుక్కలు కనిపించినా యజమానికి చెప్పండి. అప్పటికి గుర్రం కుంటకపోయినా సరే చెప్పండి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. "సార్, పోనీ ఎన్ని కిలోలుండాలి?" అని అడుగుతారు. దానికి ఒక అంకె లేదు. 220 కిలోలున్న రెండు పోనీల్లో ఒకటి పెద్ద ఎముకలతో సన్నగా ఉండొచ్చు, ఇంకొకటి చిన్న ఎముకలతో కొవ్వు పట్టి ఉండొచ్చు. అందుకని చెయ్యి, మెడ, టేపు, ఈ మూడూ కలిపి చూడాలి. కంటిని మాత్రం నమ్మొద్దు. రోజూ చూసే కంటికి మార్పు తెలియదు, నూనె రాసి దువ్విన వెంట్రుకలు ఇంకా మోసం చేస్తాయి.

మొదట చెయ్యి. 1983లో అమెరికాలోని టెక్సాస్‌లో హెన్నెకె అనే ఆయన 1 నుంచి 9 దాకా ఒక కొలత పెట్టాడు. 1 అంటే బొక్కల గూడు, 9 అంటే కొవ్వు ముద్ద. మెడ, మూపు, భుజం వెనక, పక్కటెముకలు, నడుము, తోక మొదలు, ఈ ఆరు చోట్లా చేత్తో తడిమి అంకె వేస్తారు. పోనీలకు 4, 5 మధ్య మంచిది. 7 దాటితే ఊబకాయం. అంకెలు గుర్తుండకపోయినా ఫర్వాలేదు, పక్కటెముకల పరీక్ష ఒకటి గుర్తు పెట్టుకోండి. మీ ఎడమ చెయ్యి పిడికిలి బిగించి, కుడిచేతి వేళ్లతో పిడికిలి కణుపుల మీద రాయండి. ఎముక పైకి తేలి తెలుస్తుంది కదా, పక్కటెముకలు అలా తగిలితే గుర్రం చిక్కింది. ఇప్పుడు చెయ్యి తెరిచి, మునివేళ్లతో అరచేతిని నొక్కి చూడండి. ఎముక దొరకడానికి గట్టిగా ఒత్తాలి. అలా ఉంటే లావు. చేతి వెనక భాగం మీద రాసి చూడండి. కంటికి కనిపించదు, వేలికి తేలిగ్గా తెలుస్తుంది. లామినైటిస్ భయం ఉన్న పోనీకి పక్కటెముకలు అలా తెలియాలి.

తడిమేటప్పుడు అరచేయి కాదు, మునివేళ్లు వాడండి. రెండు పక్కలా చూడండి. నడుము మీద వెన్ను పొడుగునా మధ్యలో కాలువలా పల్లం పడిందంటే రెండు వైపులా కొవ్వు లేచిందన్న మాట. తోక మొదట్లో మెత్తగా వణికితే అదీ కొవ్వే. కళ్ల పైన గుంటలు నిండి ఉబ్బినా, మగ గుర్రానికి తొడుగు దగ్గర, ఆడ గుర్రానికి పొదుగు ముందు ముద్దలా తగిలినా మనసులో పెట్టుకోండి. పొట్ట చూసి మాత్రం తీర్పు చెప్పొద్దు. నాసిరకం గడ్డి తిన్నా, కడుపులో పురుగులున్నా, ఈతలు ఎక్కువైనా పొట్ట జారుతుంది. పొట్ట జారిన గుర్రానికి పక్కటెముకలు బయటికి తేలి ఉండటం మీరు చూసే ఉంటారు.

తర్వాత మెడ. నేను ఎక్కువసేపు చెయ్యి పెట్టేది ఇక్కడే. 2009లో పరిశోధకులు మెడ కొవ్వుకు విడిగా 0 నుంచి 5 దాకా ఒక కొలత ప్రచురించారు. ఎందుకంటే ఒళ్లంతా మామూలుగా ఉండి, మెడ ఒక్కటే కొవ్వెక్కిన పోనీలున్నాయి, వాటిలో ఇన్సులిన్ ఎక్కువగా కనిపిస్తోంది. గుర్రం తల మామూలు ఎత్తులో ఉండాలి, మేత తింటూ వంచినప్పుడు చూడొద్దు. జూలు పక్కకు తీసి, మెడ మధ్య భాగంలో జూలు మొదలును నాలుగు వేళ్లూ బొటన వేలూ కలిపి పట్టుకోండి. పట్టుకుని ఇటూ అటూ వంచండి. ఒక చేతిలో ఇమిడి, తేలిగ్గా వంగితే 2 లోపే, భయం లేదు. చెయ్యి నిండిపోయి, వంచితే బిగుసుకుంటూ, మధ్యలో గుట్టలా లేస్తే 3. అక్కడి నుంచి ప్రమాదం మొదలు. ఒక చేతికి పట్టకుండా, వంగకుండా, మెడ మీద అడ్డంగా ముడతలు పడితే 4. గట్టు బరువుకు ఒక పక్కకు ఒరిగిపోయిందంటే 5. ఆ ఒరిగిన మెడను "రాజసం" అని ఫొటోలు తీసి వాట్సాప్‌లో పెట్టుకునే వాళ్లున్నారు, నాకు చాలా బాధగా ఉంటుంది. ఒక్క మినహాయింపు చెప్పాలి. వృషణాలున్న మగ గుర్రాలకు మెడ సహజంగానే కొంచెం ఎత్తుగా ఉంటుంది. వాటిని ఆడ గుర్రాలతో పోల్చొద్దు, దాన్ని దాని పాత కొలతతోనే పోల్చండి.

ఇక టేపు. దర్జీ టేపు చాలు. అది 150 సెంటీమీటర్లే ఉంటుంది కాబట్టి పెద్ద గుర్రాలకు తాడు చుట్టి, ఆ తాడును కొలవండి. మూపు వెనక నుంచి, జీను బిగించే పట్టీ, అంటే తంగు, కట్టే చోటు మీదుగా, మోచేతి వెనక ఛాతీ చుట్టూ కొలవాలి. గుర్రం గాలి వదిలినప్పటి అంకె రాసుకోండి. తర్వాత భుజం ముందు ఎముక మొన నుంచి పిర్ర వెనక ఎముక మొన దాకా పొడుగు. ఛాతీ అంకెను ఛాతీ అంకెతో గుణించి, దాన్ని పొడుగుతో గుణించి, 11,880తో భాగించండి. సెంటీమీటర్లలో కొలిస్తే కిలోలు వస్తాయి. షాద్‌నగర్ పోనీకి ఛాతీ 148, పొడుగు 125 వచ్చింది. లెక్క వేస్తే 230 కిలోలు. ఐదు నెలలకు పైగా పట్టింది గానీ, ఛాతీ 140కి దిగింది. అంటే 206 కిలోలు. టేపు మీద 8 సెంటీమీటర్లు, గిట్టల మీద 24 కిలోలు. దెబ్బతిన్న పొరలకు 24 కిలోలు చిన్న మాట కాదు.

లారీల కాంటా మీదికి ఎక్కించొచ్చా అని కొందరు అడిగారు. మొదటి బరువు తెలుసుకోవడానికి ఎక్కించండి, గుర్రం బెదరకపోతే. కానీ టన్నులు తూచే కాంటా రెండు మూడు కిలోల తేడాను పట్టుకోదు. టేపు లెక్కలో కూడా కొన్ని కిలోల తేడా ఉంటుంది. అయినా ఒకే మనిషి, ఒకే చోట, ఒకే పద్ధతిలో కొలిస్తే తగ్గుతోందా పెరుగుతోందా అనేది ఖాయంగా తెలుస్తుంది. మనకు కావాల్సింది అదే. ప్రతి అమావాస్యకూ, పున్నమికీ కొలిచి, క్యాలెండర్ మీద ఆ గడిలోనే రాయండి. ఫోన్‌తో అదే పక్క నుంచి ఒక ఫొటో తీసి పెట్టుకోండి.

బారాత్ గుర్రాల వాళ్లు ఇప్పుడు చెప్పేది కాస్త శ్రద్ధగా వినండి. మాఘం నుంచి జ్యేష్ఠం దాకా మీ గుర్రానికి నడక ఉంటుంది. ఆషాఢం రాగానే పెళ్లిళ్లు ఆగిపోతాయి. మూఢం పడితే నెలల తరబడి పని ఉండదు. సరిగ్గా ఆషాఢంలోనే వానలు పడి చెరువు కట్టల మీద, పొలం గట్ల మీద గరిక లేస్తుంది. నడక పోయింది, పచ్చిక వచ్చింది, దాణా డబ్బా మాత్రం అదే. పాపం, పెళ్లిళ్లలో కష్టపడిందని ఇంకొంచెం ప్రేమగా కూడా పెడతారు. శ్రావణంలో మళ్లీ ముహూర్తాలు మొదలయ్యే సరికి గుర్రం లావెక్కి ఉంటుంది, దాన్ని ఒక్కసారిగా తారు రోడ్డు మీద, బ్యాండు మధ్యలో గంటలు నడిపిస్తారు. నా దగ్గరికి వచ్చే కేసుల్లో ఈ వరస ఎన్నిసార్లు చూశానో. దయచేసి ఆఖరి పెళ్లి అయిన వారమే దాణా తగ్గించండి. పని లేని పోనీకి ఉలవలూ వద్దు, గోధుమలూ వద్దు, బెల్లం అసలే వద్దు. ఎండు గడ్డి, శుభ్రమైన నీళ్లు, మినరల్ మిక్చర్ చాలు.

పచ్చిక మీదికి వదలాల్సి వస్తే తెల్లవారుజామున వదలండి. ఎండ పడ్డ కొద్దీ గడ్డిలో చక్కెర పెరుగుతుంది, సాయంత్రానికి ఎక్కువగా ఉంటుంది. మన ఎద్దులకు గుంటక తోలేటప్పుడు మూతికి చిక్కం కడతాం కదా, పోనీకి కూడా అలాంటిదే కట్టొచ్చు. అడుగున చిన్న రంధ్రం ఉంచితే కొద్దికొద్దిగా తింటుంది, నడుస్తుంది కూడా. నీళ్లు తాగగలుగుతుందా, ముక్కు దగ్గర ఒరుసుకుంటోందా చూసుకోండి. పచ్చి జొన్న మాత్రం పెట్టొద్దు, అది గుర్రాల్లో మూత్రాశయాన్ని, వెనక కాళ్ల పట్టును దెబ్బతీస్తుంది.

బరువు తగ్గించాలంటే ఒంటి బరువులో రోజుకు 1.5 శాతం పొడి మేత పెట్టండి. 230 కిలోల పోనీకి తేమ కూడా లెక్కేసుకుంటే ఎండు గడ్డి 4 కిలోలకు కొంచెం తక్కువ. తూకం వేసి పెట్టాలి, మోపుల లెక్క పనికిరాదు. గడ్డిని అరగంట నుంచి గంట నీళ్లలో నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి పెడితే చక్కెర కొంత పోతుంది. మన ఎండల్లో నానిన గడ్డి తొందరగా పులుస్తుంది కాబట్టి అప్పటికప్పుడు పెట్టేయండి. వారానికి ఒకటి రెండు కిలోలు తగ్గితే చాలు.

ఇక మీ ప్రశ్నలు.

ఒక యజమాని: నాలుగు రోజులు మూతి కట్టేస్తే తొందరగా తగ్గదా సార్?

అన్నా, ఆ పని ఎప్పుడూ చేయొద్దు. పోనీని, గాడిదను పస్తు పెడితే ఒంట్లో కొవ్వంతా ఒక్కసారిగా రక్తంలోకి దిగుతుంది. రక్తం తీస్తే పాలలా తెల్లగా కనిపిస్తుంది. కాలేయం పాడై చనిపోతుంది. లావు గుర్రానికీ, చూలు గుర్రానికీ, పాలిచ్చే గుర్రానికీ ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. ఎంత లావున్నా రోజు మేతను ఒంటి బరువులో 1 శాతం కంటే తగ్గించొద్దు, ఆ మేతనే మూడు నాలుగు సార్లుగా పెట్టండి.

ఇంకొకరు: మాది ముసలిది సార్. పక్క బొక్కలు కనిపిస్తున్నాయి, అయినా గిట్టలు పట్టేశాయి. సన్నగా ఉన్నదానికి ఎట్లా వస్తది?

వస్తుంది. 15 ఏళ్లు దాటిన కొన్ని గుర్రాల్లో మెదడు కింద ఉండే చిన్న గ్రంథి పని గతి తప్పుతుంది. వీపు మీద కండ కరిగిపోతుంది, పొట్ట జారుతుంది, ఎండాకాలం వచ్చినా ఒంటి మీద వెంట్రుకలు రాలకుండా పొడుగ్గా ఉండిపోతాయి. మీ దానికి వెంట్రుకలు అలాగే ఉన్నాయా? ఉన్నాయంటున్నారు. అయితే మేత తగ్గించొద్దు, ముందు రక్త పరీక్ష చేయిద్దాం. దానికి మందు ఉంది.

ఒక సాయిస్: రేపు బారాత్ ఉంది సార్. కొంచెం కుంటుతోంది. ఇంజెక్షన్ వేసి పంపొచ్చా?

వద్దు తమ్మీ. ఇంజెక్షన్‌తో నొప్పి తెలియదు కాబట్టి నడుస్తుంది. నడిచిన ప్రతి అడుగుకూ ఆ పొరలు ఇంకొంచెం తెగుతాయి. రేపు బారాత్ అయిపోతుంది గానీ, ఎల్లుండికి గుర్రం లేవకపోవచ్చు. ఇప్పుడే ఫోన్ చేసి దాన్ని కదిలించొద్దని చెప్పు. కింద లోతుగా ఇసుక పోయించు. గిట్టలను, కీలు పై దాకా మంచు ముక్కలు వేసిన నీళ్లలో పెట్టించు, మంచు కరిగే కొద్దీ వేస్తూ ఉండాలి. దాణా పూర్తిగా ఆపేసి ఎండు గడ్డి మాత్రమే పెట్టమను. ఇక్కడ పని కాగానే నేను నీతో వస్తాను. అడ్వాన్స్ తీసుకున్నారు కాబట్టి పెళ్లివాళ్లకు గుర్రం పంపాల్సిందే, అది నాకు తెలుసు. ఈ హాల్లో ఇంతమంది ఉన్నారు, రేపు ఖాళీగా ఉన్న గుర్రం ఎవరి దగ్గరుందో వాళ్లు చెయ్యి ఎత్తండి.